కుండమార్పు ఇంటికి కోర్టు ఆర్డరు

నాకు ముక్కు మీదనే కోపం. ఈ సంగతి మా ఊర్ల అందరికి ఎరుకే, చెప్పుకోటానికి నాకేం సిగ్గు లేదు. కానీ కోర్టు నోటీసు వచ్చిన రోజు మాత్రం నాకు కోపం రాలే. ఎవరి మీద తెచ్చుకోవాలెనో తెల్వకపాయె. నోటీసు పాల్వంచల ఉండే మా తమ్మునికి వచ్చింది. ఇతని నుంచి నన్ను కాపాడాలె, నేనుండే ఇంటి దిక్కు ఇతన్ని రానియ్యొద్దు అని కోర్టుల అర్జీ పెట్టింది మా ఆడబిడ్డ. మా తమ్మునితోటి కాపురం చేసి, తెగదెంపులు చేసుకున్న మనిషి. తమ్ముడు ఆ నోటీసు ఫొటో తీసి నా ఫోనుకు పంపిండు. నేను వంటింట్ల నిలబడి ఆ ఫొటో చూస్తున్న. అర్జీ పెట్టిన మనిషి నాకు ఎదురుంగనే పీట మీద కూసోని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నది.

ఆమె ఉండే ఇల్లంటే మా ఇల్లే. నా ఇల్లు.

తెల్వనోళ్లకు ఇది జర తికమకగ ఉంటది గనక ముందే చెప్త. మాది కుండమార్పు పెండ్లి. మా పుట్టింటోళ్లు నన్ను ఈ ఇంటికిచ్చి, ఈ ఇంటి పిల్లను మా తమ్మునికి చేసుకున్నరు. ఒకే పందిరి కింద, ఒకే పూట రెండు పెండ్లిళ్లు. వంటోళ్లు ఒక్కటే, బాజా ఒక్కటే, ఏడుపులు మాత్రం రెండు దిక్కుల. మా ఆయన చెల్లె మా తమ్ముని పెండ్లాం అయింది. అంటే ఆమె నాకు ఆడబిడ్డ, నేను ఆమెకు ఆడబిడ్డ. ఆమె వదినా అని పిలిస్తే, ఏ దిక్కు నుంచి పిలుస్తున్నవే అని నవ్వులాటకు అడిగేదాన్ని. ఏ దిక్కు నుంచైనా వదినవేగా, ముందు అన్నం పెట్టు అనేది.

ఇట్లాంటి పెండ్లిల మంచి ఉన్నది. కట్నాల మాట రాదు, మీ పిల్లను మేం మంచిగ చూస్తే మా పిల్లను మీరు మంచిగ చూస్తరన్న ధైర్యం ఉంటది. చెడు కూడ దాంట్లనే ఉన్నది. ఒక దిక్కు చెడితే రెండో దిక్కు కూడ చెడాలంటరు. మా పిల్ల మీ ఇంట్ల ఉండకపాయె, మీ పిల్ల మా ఇంట్ల ఎందుకుండాలె అంటరు. మొగడు పెండ్లాలు చిలకా గోరింకల్లాగ ఉన్నా సరే, ఆ పిల్లను మూట కట్టిచ్చి పుట్టింటికి పంపిన పంచాయితీలు మా దిక్కు నేను చూసిన.

మా ఇల్లు టేకులపల్లి దాటి అడివి మొదలయ్యే కాడ ఉంటది. ఇంటెనక పత్తి చేను, దాని పక్కన మిర్చి, ఆ తర్వాత టేకు చెట్లు. మా ఆయన వ్యవసాయం చేస్తడు, మాట మాత్రం మహా పొదుపు. మా తమ్ముడు పాల్వంచల కరెంటు ప్లాంటుల కాంట్రాక్టు పని, షిఫ్టులు. మా అమ్మ వాని చిన్నప్పుడే పోయింది. వాణ్ణి నేనే సాకిన. వానికి తలంటు పోసింది నేను, బడికి తోలింది నేను, పొంగు పోసినప్పుడు వేపాకు వేసుకోని పక్కన పండుకున్నది నేను. మా నాయన కూడ పోయినంక నాకు పుట్టిల్లంటే వాడే. ఆడమనిషికి పుట్టిల్లంటే ఏందో నేను కొత్తగ చెప్పే పని లేదు. ఏడ్వాలనిపిస్తే ఏడ్చి రావటానికి ఒక జాగ, అంతే.

అట్లాంటి తమ్ముడు పెండ్లాన్ని కొడతడని నాకు మొదట తెల్వదు. తెలిసినంక కూడ నమ్మబుద్ధి కాలే. రెండుసార్లు ఆమె అలిగి వస్తే పెద్దమనుషులు సర్ది చెప్పి పంపిన్రు. మూడోసారి వచ్చిన రోజు మాత్రం ఎవరికీ సర్ది చెప్పే నోరు లేకపాయె. చెవికమ్మ పట్టి గుంజితే తమ్మె రెండుగ చీలింది. కొంగు చెవికి అదుముకోని పాల్వంచల బస్సెక్కి, మా ఊరి మూల మలుపు కాడ దిగి నడుచుకుంట వచ్చింది. కొంగు తీసి చూసింది నేనే. ఆ రోజు నా తమ్ముణ్ణి నా నోటితోటి తిట్టరాని తిట్లు తిట్టిన. తర్వాత పెద్దల ముంగట ఇద్దరికి తెగదెంపులైనయి. ఎవరి సామాను వాళ్లకు ఇప్పిచ్చిన్రు. ఆమె మా ఇంట్లనే ఉండి పక్కూరి అంగన్‌వాడీల ఆయాగ చేరింది. చెవి మానింది గానీ అతకలే. ఇప్పుడు ఆ చెవికి ఏం పెట్టుకోదు.

కుండమార్పు లెక్కన అప్పుడే నన్ను కూడ పుట్టింటికి పిలవాలె. పిలిచిన్రు కూడ. నేను పోలే. నా మొగడు నన్నేం జేసిండు? ఏం చెయ్యలే. మరి నేనెందుకు పోవాలె? ఈ ముక్క అంటే నోరు పెద్దదన్నరు. అననియ్యి అనుకున్న.

ఇగ అసలు తప్పు జరిగింది ఆ తర్వాత. అది ఎవరు చేసిన తప్పో కూడ సరిగ్గ చెప్పరాదు, ఎందుకంటే అందరం మర్యాద చేసినం.

తెగదెంపులైన కొన్నాళ్లకు తమ్ముడు మా ఇంటికి వచ్చుడు మొదలువెట్టిండు. ఆదివారం పూట, షిఫ్టు లేనప్పుడు, బండి హ్యాండిలుకు కోడిని తగిలిచ్చుకోని. అక్కింటికి తమ్ముడొస్తే ఎందుకొచ్చినవని అడిగే రివాజు మా దిక్కు లేదు. వచ్చినోనికి కాళ్లకు నీళ్లియ్యాలె, మంచం వాల్చాలె, కూర చెయ్యాలె. మా ఆయన చేతుల చెంబు పట్టుకోని పోయి వానికి నీళ్లిచ్చేటోడు. సొంత చెల్లె చెవి చింపినోనికి! కానీ వాడు నా తమ్ముడాయె. బామ్మర్దిని గడప కాడ ఆపితే పెండ్లాం పుట్టింటిని అవమానం చేసినట్టని మా ఆయన భయం. మా ఆయన పిలిచి కూసోబెడుతుంటే, నేను వద్దంటే ఆయన మర్యాద పోతదని నా భయం. ఆమె లోపలి గదిల గొళ్లెం పెట్టుకోని కూసునేది. వాడు తిని, చెయ్యి కడుక్కోని, పోయేముందు నాతోటి గట్టిగ మాట్లాడేటోడు, లోపలికి వినపడేటట్టు. రాణిగారు బయటికి రారా అనేటోడు. నాకు ఒళ్లు మండి, నోరు మూసుకోని నడువురా అని తోలేదాన్ని. మళ్ల ఆదివారం వచ్చేటోడు. మళ్ల చెంబు, మళ్ల మంచం.

ఒకనాడు చేన్ల నాకు కళ్లు తిరిగినయి. చాన్నాళ్ల నుంచి నెల నెలా ఆగకుంట పోతున్నది, పని మీద పడి పట్టిచ్చుకోలే. మా ఆయన ఖమ్మం తీస్కపోయిండు. గర్భసంచిల గడ్డలున్నయి, తీసెయ్యాలె అన్నరు. రక్తం లేదు, ముందు రక్తం ఎక్కియ్యాలె, మీ మనుషుల్ని పిలిపిచ్చుకోండ్రి అన్నరు. మా ఆయన మా తమ్మునికి ఫోన్ చేసిండు. నేను పక్కన మంచం మీదనే ఉన్న, వాని గొంతు వినపడుతనే ఉన్నది. షిఫ్టు ఉన్నది బావా, సెలవు దొరకదు అన్నడు. మంచిదే, పని చేసుకునేటోడు పని వదిలి ఎట్లొస్తడు అనుకున్న. వార్డుల పక్క మంచం ఆమె కొడుకు ఇచ్చిండు రక్తం. ఆపరేషన్ అయింది.

ఇంటికొచ్చినంక మా ఆడబిడ్డ నాకు జావ కాసి పెట్టింది, నడుముకు గుడ్డ కట్టింది, ఒంగనియ్యలే, లేవనియ్యలే. మాటల మధ్యల, మీరు లేనప్పుడు మీ తమ్ముడొచ్చి పోయిండు అన్నది. ఎప్పుడంటే మొన్న అన్నది. నేను పెద్దగ పట్టిచ్చుకోలే. ఆమె కూడ అంతకంటె ఏం చెప్పలే. నేను లేచి తిరుగుడు మొదలువెట్టినంక ఒకనాడు అంగన్‌వాడీ పని మీద అని కొత్తగూడెం పోయొచ్చింది. ఆ పని ఈ అర్జీ అని మాకు నోటీసొచ్చేదాక తెల్వదు.

ఆ చిక్కుడుకాయలు తీసే పొద్దున నేను ఫోను ఆమె మొకం ముంగట పెట్టి ఇదేందే అన్న. ఆమె చూసింది. నేనే పెట్టిన వదినా అన్నది. ఈనెలు తీసుడు ఆపలే. నేను బయటికొచ్చి బర్రెకు గడ్డేసిన. అది అప్పటికే తిని పండుకున్నది.

తమ్ముడు ఫోన్ మీద ఫోన్. అక్కా, నువ్వే కాపాడాలె, నీ మాట మీదనే ఉన్నది అంత. సరే, ఏందో చూద్దామని వకీలు దగ్గరికి పోయిన. మా ఆయనకు చెప్పే పోయిన. ఆయన ఊఁ అన్నడు.

వకీలు మంచోడే, కుర్చీ వేపిచ్చిండు, చాయ తెప్పిచ్చిండు. అర్జీ ఇంగ్లీషుల ఉంటే తెలుగుల చదివి చెప్పిండు. పాతయన్నీ ఉన్నయి దాంట్ల, చెవి సంగతి, ఆదివారాల సంగతి. ఆఖర్న ఒక రోజు సంగతి ఉన్నది. అన్నా వదినా ఖమ్మం దవాఖానాల ఉండంగ, తను ఒక్కతే ఇంట్ల ఉండంగ, ఇతను వచ్చి పొద్దూకేదాక కూసున్నడని, బలవంతంగ వంట చేపిచ్చుకున్నడని. వకీలు తారీకు చదివిండు. ఆ తారీకు నాకు చదివి చెప్పే పని లేదు. నా పొట్ట మీద కుట్లేసిన తారీకు అది.

వకీలు మా దిక్కు జవాబు కూడ రాసి పెట్టిండు. దాన్ని కౌంటర్ అంటరంట. ఆ రోజు అక్క ఇంట్లనే ఉన్నది, తమ్ముడు అక్కను చూడొచ్చిండు, అక్క వండి పెడితే తిని పోయిండు, అర్జీదారుతోటి మాటే లేదు. దాని కింద నా సంతకం కావాలె. ఇంత సూటిగ ఎవరు రాపిచ్చిన్రో అడిగే పని లేకపాయె. తమ్ముడు పక్కనే కూసోని బండి తాళంచెవి వేలుకు తిప్పుకుంటున్నడు. వకీలుకు నా ఆపరేషన్ ఆ తర్వాత వారంల అయిందని చెప్పిండంట. మీ ఆయన ఆమెకు అన్న, ఆయన చెప్తే చెల్లె కోసం చెప్పిండంటరు, అదే ఇంట్ల కాపురం చేసుకుంట మీరు చెప్తే మాత్రం జడ్జి మేడం కొట్టెయ్యలేదు, అన్నడు వకీలు. అది నిజమే. ఆ కుండమార్పు వల్ల నా మాటకు ఎక్కడ లేని బరువొచ్చింది.

ఆ రోజు నేను వార్డుల పండుకోని, పాపం షిఫ్టుల ఎంత కష్టపడుతున్నడో అనుకున్న. వాడు కోడిని తగిలిచ్చుకోని నా ఇంటికి పోయిండు, నేను లేనని తెలిసి. నేను లేనని తెలిసే.

ఇంటికి పోయి చదివిచ్చుకోని పెడత అని లేచిన. తమ్ముడు మెట్ల దాక వచ్చి, ఏందక్కా అట్లున్నవు, ఒక్క సంతకమేగా అన్నడు. చెంప పగలగొట్టబుద్ధయింది. ఎంత పెద్దగైనా నేను తలంటు పోసిన నెత్తేనాయె. చెయ్యి లేవలే.

రెండు రోజులకు మా పెదనాయన వచ్చిండు. మా నాయనకు అన్న, మా పుట్టింటి దిక్కు మాట చెల్లేది ఆయనదే. మంచం వాల్చినం, నీళ్లిచ్చినం. ఆయన నీళ్లు తాగి నన్ను చేను గట్టు మీదికి తీస్కపోయిండు. ఆయన కోపం చెయ్యలే, నెమ్మదిగనే చెప్పిండు, అందుకే ఇంక భయమయింది. "సంతకం పెడితే మంచిదే బిడ్డా. పెట్టనంటవా, బట్టలు సర్దుకోని మనింటికి వచ్చెయ్యి. నువ్వొస్తే వాళ్లే దిగొచ్చి కేసు వాపసు తీసుకుంటరు. ఈ రెండూ చెయ్యనంటే మాత్రం మళ్ల మా గడప తొక్కకు." వాని తప్పు లేదని ఆయన కూడ అనలే. తప్పున్నా మనోడేగా అన్నడు.

ఆ పూట నేను మా ఆయన మీద విరుచుకపడ్డ. నీ చెల్లె గురించి నేను కొట్టుకుంటుంటే నువ్వు నోట్ల బెల్లం గడ్డ పెట్టుకోని కూసున్నవు, ఏదో ఒకటి చెప్పవేంది అన్న. ఆయన చెప్పు కింద మట్టి నలుపుకుంట, ఒక చెల్లె, ఒక పెండ్లాం, నేనేదన్నంటే ఒకటి పోతది అన్నడు. నువ్వు పోతనంటే ఆపే హక్కు నాకు లేదు, పోవద్దని మాత్రం నాకున్నది అన్నడు. ఇన్నేండ్ల కాపురంల అంత పొడుగు మాట నేను విననే లేదు.

అప్పటికి మిర్చి కోతకొచ్చింది. కూలోళ్లు ఆ వారం పక్క గూడెంల పండుగని రాలే. పండింది రాలిపోతదని నేను, మా ఆడబిడ్డ దిగినం. ఆమె ఒక సాలు, నేను ఒక సాలు. నోటీసొచ్చిన కాడి నుంచి ఆమెతోటి తిండీ నీళ్ల మాటలే తప్ప వేరే మాట లేదు. పక్కపక్కన ఒంగోని కాయ తెంపుతుంటే మొకాలు చూసుకునే పని లేదు, అందుకనేమో అడగొచ్చింది. ఆ రోజు ఏం జరిగిందే, నిజం చెప్పు అన్న.

ఆమె కాయ తెంపుకుంటనే చెప్పింది. వాడు పొద్దున వచ్చిండు. అక్క లేదు, ఖమ్మంల ఉన్నది అని తలుపు సందులకెళ్లి చెప్పింది. తెలుసు అన్నడు. పక్కింటోళ్లు పలకరిస్తే అక్కింటికొచ్చిన అన్నడు, వాళ్లు కూడ మంచిదే అని ఎవరి పనికి వాళ్లు పోయిన్రు. కోడిని గడప మీద పెట్టి వండమన్నడు. ఎందుకు వండినవే, మొకాన కొట్టకపోయినవా అన్న నేను. కత్తిపీట నా చేతుల ఉన్నప్పుడైనా జర ధైర్యం ఉంటదని వండిన వదినా అన్నది. వాడు తిన్నడు. కూర బాగయింది అన్నడు. ఆమె మీద చెయ్యి వెయ్యలే, ఒక్క తిట్టు తిట్టలే. పొద్దూకేదాక మంచం మీద కూసోని, లేచేటప్పుడు ఒక్క మాటన్నడు. "అక్క ఉన్నా లేకున్నా ఇది నా అక్క ఇల్లే. నన్ను రావద్దనేటోడు లేడు." వాడు పోయినంక ఆమె గిన్నెలు తోమి, ఇంటికి తాళమేసి, మేం వచ్చేదాక పక్కింట్ల పండుకున్నదంట.

నేను కాయ తెంపుడు ఆపిన. మరి నాకెందుకు చెప్పలేదే ముందుగల, కోర్టుకు పోయేదానివి నా దగ్గరికి రాకపోయినవా అన్న.

ఆమె అప్పుడు నడుము లేపి నా దిక్కు చూసింది. "నిన్నేమని అడుగుత వదినా? నీ తమ్ముణ్ణి నీ ఇంటికి రానియ్యకు అననా? ఆ మాట నువ్వు వానితో అంటే నీకు పుట్టిల్లు ఉండదు. అదే మాట జడ్జి అంటే నువ్వు అన్నట్టు కాదుగా."

నేను ఏడ్చిన. ఏడ్చి, ఆ మిరపకాయ చేతుల తోటే కండ్లు తుడుచుకున్న. ఇగ చూడు నా అవస్థ! మంట తోటి సాలు మధ్యల కూలబడి, అమ్మో నాయనో అంటుంటే, ఆమె నీళ్ల డబ్బా పట్టుకొచ్చి నా మొకం మీద పోసుకుంట నన్ను తిట్టుడు మొదలువెట్టింది. ఇంతేండ్లొచ్చినయి, మిర్చి చేన్ల ఎట్ల ఏడ్వాలెనో తెల్వదు నీకు, మోచేత్తోటి తుడుచుకోవాలె అన్నది. నాకు ఏడుపుల నవ్వొచ్చింది. ఆమె కూడ నవ్వింది. ఆ పూట ఇంకొక సాలు కూడ కాలే మాకు.

వాయిదా రోజు ముగ్గురం ఒకే ఆటోల కొత్తగూడెం పోయినం, నేను, మా ఆయన, ఆమె. నేను ఏం చేస్తనో వాళ్లిద్దరు అడగలే. నాకే తెల్వదు సరిగ్గ. దారంత మా పెదనాయన మాటే చెవుల తిరుగుతున్నది. సంతకం పెడితే ఈ పిల్లకు మా ఇంట్ల నిద్ర ఉండదు. పెట్టకుంటే నాకు పుట్టిల్లు ఉండదు. ఆటో కుదుపుకు కుట్లేసిన జాగ జర గుంజింది.

కోర్టు వరండాల తమ్ముడు ఎదురొచ్చిండు. తెల్ల చొక్కా వేసుకున్నడు, నున్నగ గడ్డం గీసుకున్నడు. నాకు చాయ తెచ్చిచ్చిండు. చిన్నప్పుడు తప్పు చేసి నా కాడికొచ్చేటప్పుడు కూడ ఇట్లనే మెత్తగ ఉండేటోడు. వకీలు కాగితం, పెన్ను ఇచ్చిండు. చాయ తాగిన, పెన్ను వాపసిచ్చిన. చెప్పేది ఉంటే లోపల నోటితోటే చెప్త సారూ అన్న. వకీలు తమ్ముని మొకం చూసిండు. తమ్ముడు, మా అక్క చెప్తది సార్, ఏం భయం లేదు అన్నడు. అంత నమ్మకం నా మీద.

లోపల జడ్జి మేడం వకీళ్లిద్దరి మాటలు విని, ఆ అక్క వచ్చిందా అని అడిగింది. నేను ముంగటికి పోయిన. ఆ రోజు మీరెక్కడున్నరు అని అడిగింది.

"ఖమ్మం దవాఖానాల ఉన్న మేడం. ఆపరేషన్ అయితున్నది. రక్తానికి రమ్మని ఫోన్ చేస్తే షిఫ్టున్నదన్నడు, ఆ రోజే మా ఇంటికి పోయిండు."

వకీలు ఏదో అనబోతే మేడం చెయ్యెత్తి ఆపింది. మరి మిగతా రోజులు మీ కోసమే వచ్చేటోడా అని అడిగింది. నేను ఆ ప్రశ్న అనుకోలే. అన్ని ఆదివారాలు కండ్ల ముంగట తిరిగినయి. ఒక్కనాడు కూడ వాడు నా కష్టం సుఖం అడిగింది యాదికి రాలే. ఎంత ఎతికినా రాలే.

"నా ఇంటికొచ్చిండు మేడం. నా కోసం రాలే."

మేడం కాసేపు రాసుకున్నది. తర్వాత నాకు అర్థమయ్యేటట్టు విడమరిచి చెప్పింది. ఆర్డరు ఇస్తే నీ తమ్ముడు మీ ఇంటికి రాకూడదు, పండుగలకు రాకూడదు, శుభకార్యాలకు రాకూడదు, ఆమె పని చేసే కాడికి, ఆమె పోయే దారిల కూడ రాకూడదు, ఫోన్ చెయ్యకూడదు, వస్తే పోలీసులు పట్టుకపోతరు. నువ్వు కలవాలనుకుంటే బయట కలువొచ్చు. నీ ఇల్లు గనక నిన్ను అడుగుతున్న, ఇది నీకు తెలుసుగా అన్నది. అవ్ మేడం అన్న. మా ఆయన వెనక బల్ల మీద తల దించుకోని కూసున్నడు. మా ఆడబిడ్డ మాత్రం తల ఎత్తుకోని నిలబడ్డది, చీలిన చెవి నా దిక్కున్నది.

ఆర్డరు ఇచ్చింది.

బయట మెట్ల కాడ తమ్ముడు నా కోసం ఆగి ఉన్నడు. మొకం ఎర్రగయింది. కొడతడేమో అనుకున్న, కొట్టలే. నాకు అక్క లేదనుకుంట, నీకు ఇగ పుట్టిల్లు లేదనుకో అన్నడు. ఆ మాట వస్తదని నాకెరుకే. ఎరుకున్నా దెబ్బ దెబ్బే. నేను తిడదామని నోరు తెరిచిన. నోట్లకు తిట్లు రాలే. వేరే మాటొచ్చింది.

"నాకేం ఆపరేషన్ అయిందో నీకెరుకనారా?"

వాడు నా మొకం చూసిండు. నా పొట్ట దిక్కు చూసిండు. తెల్వదక్కా అన్నడు.

గర్భసంచి తీసేసిన్రురా అని చెప్పిన. వాని మొకం మీద ఎర్రదనం దిగిపోయింది. చిన్నప్పటి గొంతుతోటి, ఇప్పుడు మంచిగున్నదా అక్కా అని అడిగిండు.

మంచిగనే ఉన్నదిరా అన్న. రోడ్డు మీద మా ఆయన ఆటో మాట్లాడిండు, మా ఆడబిడ్డ లోపల కూసోని నాకు జాగ ఇడిసి వదినా అని పిలుస్తున్నది. పోయి ఆమె పక్కన కూసున్న.